టికెట్టు లేనివాళ్ళు

పెంబా దీవిలో, వెటె రేవు పైన
లవంగాలు ఎండే కాలం.
చాపల మీద, అరుగుల మీద, ఆఖరికి తారురోడ్డు అంచున కూడా
పచ్చిగా దిగి, గోధుమరంగుకు తిరుగుతున్న మొగ్గలు.
ఆ ఘాటు దస్తరాలకీ పడుతుంది.
పుట తిప్పినప్పుడల్లా తుమ్ముతుంది మ్వానాకొంబో.

పశువైద్యశాఖలో గుమాస్తా ఆమె.
బల్ల మీద ఎడంపక్క కుక్కకాట్ల దస్తరం.
కుడిపక్కది రేవులో పడవలది,
మేనమామ ఫకీ దగ్గర అరువు తెచ్చింది.
సాయంత్రం నమాజు లోపు తిరిగి చేరాలని షరతు.

షామె, ఏడేళ్ళు, కుడి పిక్క.
ఖాతిబు, చేపలవాడు, రెండు చేతులూ.
పేరు చెప్పని ముసలమ్మ, మడమ.
కుక్క రంగు: గోధుమ, ఒక చెవి తెగింది.
కుక్క ఎవరిది? ఖాళీ.
ఎక్కడినుంచి వచ్చింది? అదీ ఖాళీ.
ఖాళీల మీదుగా ఎవరో గీత గీశారు
నిద్రమత్తులో గీసినట్టు, వంకరగా.

నాలుగేళ్ళుగా ఈ దీవిలో ఆ జబ్బు లేదు.
ఊరూరా తిరిగి సూదులేశారు,
వేసిన ప్రతి మెడకీ ఎర్రగుడ్డ పేలిక కట్టారు.
"మరి ఇదెలా వచ్చింది? నీళ్ళ మీద నడిచా?"
పై అధికారి వెటకారం.

మ్వానాకొంబో నవ్వలేదు.
కాట్ల తేదీలు ఒక వరసలో పెట్టింది,
పడవల తేదీలు దాని కింద.
తెర మీద చుక్కలు, మొదట చల్లిన నూకల్లా;
ఒకదాన్ని నెలన్నర వెనక్కి జరిపి చూస్తే
చుక్క మీద చుక్క కూర్చుంది.
అవతలి గట్టు నుంచి గురువారం వచ్చే పడవ.
సుబిరా దాని పేరు. ఓర్పు అని అర్థం.

దస్తరం తీసుకుని రేవుకి దిగింది.
"మామా, సుబిరాలో కుక్కలొస్తాయా?"
"రాకేం. తోటల్లో కోతుల్ని తోలడానికి తెస్తారు."
"మరి ఇందులో లేవే? మేకలున్నాయి,
లవంగం బస్తాలున్నాయి, కుట్టుమిషను కూడా ఉంది."
"మేకకి కిరాయుంది, మిషనుకి కిరాయుంది.
కుక్కకి టికెట్టు లేదుగా, ఎందుకు రాస్తాను?"

అన్నాడు. అని, ఆగిపోయాడు.
చేతిలో తాడు కొస అలాగే ఉండిపోయింది.

కిందటేడు దక్షిణగాలి రోజుల్లో
నియా అనే పడవ తిరగబడింది పగడపు దిబ్బ దగ్గర.
జాబితాలో ముప్పైయొక్క పేర్లు.
బతికినవాళ్ళూ బతకనివాళ్ళూ కలిపి
ముప్పైయొకటీ దొరికాయి మధ్యాహ్నానికి.
వెతికే పడవల్ని వెనక్కి పిలిచాడు ఫకీ.
మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి మిజె అనే ఆవిడ
నా పిల్లో, నా పిల్లో అంటుంటే
మెల్లిగానే చెప్పాడు, కసిరి కాదు:
"లెక్క సరిపోయిందమ్మా."

అయిదేళ్ళ లోపు పిల్లలకి టికెట్టు లేదు.

కాకిలెక్క అయితే తిట్టుకోవచ్చు.
ఇది ఒక్క అంకె తప్పని లెక్క.

మామా కోడలూ ఏమీ మాట్లాడుకోలేదు.
నమాజు పిలుపు వచ్చింది, వెళ్ళింది.
ఫకీ చెక్కస్కేలు వెతికాడు, దొరకలేదు,
విరిగిన తెడ్డు ముక్క ఆనించి
పుట కుడి అంచున నిలువుగా గీత గీశాడు.
పైన రాశాడు: టికెట్టు లేనివాళ్ళు.

గురువారం సుబిరా వచ్చింది.
గట్టున సూదుల పెట్టెతో మ్వానాకొంబో.
పోటు తీసేస్తోందని సరంగు విసుక్కున్నాడు,
ఎవరో ఎండలో గొడుగు కోసం పోట్లాడారు.
ఫకీ పడవలోకి వంగి, వేలు పెట్టి లెక్కపెట్టాడు.

కుక్క ఒకటి, నల్లది, మెడకి పేలిక లేదు.
పిల్లాడు, మూడేళ్ళు, ఒమారి.
పిల్ల, నాలుగు. పేరు అడిగితే సిగ్గుపడి దాక్కుంది, తర్వాత చెప్పింది.
ఇంకొకటి గుడ్డలో చుట్టి ఉంది.
"దీని పేరు?"
"ఇంకా పెట్టలేదయ్యా, ఆరోరోజు."

కాసేపు ఆలోచించాడు ముసలాయన.
పెన్ను నాలుకకి అద్ది రాశాడు:
పేరు లేదు. తల్లి ఎడమచేతిలో ఉంది.